గడప దగ్గు

కాయ పడింది. వెనకే ఇంకోటి. ఆ పైన గెల మొత్తం ఒక్కసారే నేలకి దిగిన చప్పుడు, తడినేల లోపల్నించి పాకి, గచ్చు మీదికి వచ్చి, మంచం కోళ్ళు ఎక్కి, బుచ్చిరాజు నడుములోకి వచ్చింది. నడుములోంచి అక్కడికి పోయి ఆగింది. ఆగిన చోట నిప్పు రాజుకుంది. పెరటి కొబ్బరితోటలో దింపు మొదలైందన్నమాట. దింపులు తీసే సత్యం చెట్టు మీదున్నాడు. పడిన చప్పుడుని బట్టి బుచ్చిరాజు చెప్పగలడు, అది ముదురు కాయో, నీళ్ళు ఇంకా ఇంకని కాయో, ఎలక కొట్టిన డొల్లో. చెప్పగలడంటే, చెప్పగలిగేవాడు. కిందటి నెల తుపాను వానల్లో బోదె కాలవ గట్టు మీద నిలబడి ఉండగా కుడి చెయ్యి తన చెయ్యి కాకుండా పోయింది, కుడి కాలూ పోయింది, నోట్లోంచి మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఆయ్. అన్నం తింటారా అంటే ఆయ్. వద్దా అంటే ఆయ్. నొప్పిగా ఉందా అన్నా ఆయ్, తగ్గిందా అన్నా ఆయ్. మాటలు లోపలే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు, గాదెలో వడ్లలా నిండుగా పోసి ఉన్నాయి. గాదె అడుగున కన్నం దగ్గర మాత్రం ఒకే గింజ వచ్చి నిలబడింది. ఏం చెప్పబోయినా ఆ గింజే రాలుతుంది.

మొన్న సాయంత్రం గణపతి పైపు మార్చాడు. గణపతి ఊళ్ళో ఆర్ఎంపీ, ఇంటికొచ్చి సూది వేసి కాఫీ తాగి వెళ్ళే మనిషి. పక్షవాతం వచ్చాక ఒంటేలు దానంతటది రావడం మానేస్తే అమలాపురంలో పైపు వేసి పంపించారు, అప్పుడప్పుడూ దాన్ని మార్చాలి, ఆ పని గణపతిది. పాత పైపు బయటికి తియ్యగానే కరెంటు పోయింది. "ఫోను లైటు పట్టుకోండి కృష్ణగారూ" అన్నాడు గణపతి. కొడుకు వెంకటకృష్ణ పట్టుకున్నాడు. పట్టుకుని ముఖం గోడకేసి తిప్పేసుకున్నాడు. కన్నతండ్రి పంచె తీసి ఉంటే ఏ కొడుకు చూస్తాడు? ముఖంతో పాటు భుజం తిరిగింది, భుజంతో పాటు చెయ్యి తిరిగింది, వెలుగంతా పోయి గోడ మీది క్యాలెండరు మీద పడింది. క్యాలెండర్లో అమ్మవారు ముక్కుపుడకతో సహా కనిపించింది. ఈ కింద చీకట్లో గణపతి తడుముకుంటూ ముందుతోలు వెనక్కి లాగాడు, దూదితో తుడిచాడు, పైపు దించాడు, సంచీలోకి ధార పడుతున్న చప్పుడు విని, "ఆయ్, వచ్చేసిందండి, అయిపోయిందండి" అని పంచె కప్పేశాడు. వెనక్కి లాగిన తోలుని మళ్ళీ ముందుకి తేలేదు. అంతే. మరిచిపోయాడు. పాలగిన్నె మీద మూత తీసి పక్కన పెట్టి మరిచిపోయినట్టు. వాకిట్లోకి వెళ్ళి, మోటారుసైకిలు తాళం మరిచిపోయానంటూ వెనక్కొచ్చాడు కూడాను. తాళం గుర్తొచ్చింది, ఇది రాలేదు.

చురుకు ఆ రాత్రే మొదలైంది. తెల్లారేసరికి వాపు. వెనక్కి పోయిన తోలు మెడ చుట్టూ ఉంగరంలా బిగుసుకుంది. బిగుసుకున్నకొద్దీ ముందుభాగం ఉబ్బింది, ఉబ్బినకొద్దీ ఉంగరం ఇంకా బిగిసింది. ఆయన దాన్ని కళ్ళతో చూడలేదు, చూడ్డానికి తల లేవదు. చూడనక్కర్లేదు. పడమటి గట్టు మీద మామిడిచెట్టు ఉండేది, దానికి తన తండ్రి హయాంలో ఎవరో దడి కోసం ఇనప తీగ చుట్టారు. కొబ్బరికైతే ఏమీ కాకపోను, కొబ్బరి పైకి పోతుందే గాని లావెక్కదు, తీగ చుట్టినా ముసలమ్మ చేతి గాజులా వదులుగా ఉండిపోతుంది. మామిడి అలాక్కాదు. మామిడి ఏటేటా కాస్త ఒళ్ళు చేస్తుంది, తీగ మాత్రం అలాగే ఉంటుంది. తీగకి ఎగువన బెరడు పెదవిలా పొంగింది, పొంగి తీగనే మింగేసింది, ఇంక తీగ ఎవరికీ కనపడలేదు. తర్వాత పైకొమ్మ ఒకటి ఆకు రాల్చడం మొదలెట్టింది. ఆకు ఎందుకు రాలుతోందా అని అందరూ ఆకులకేసే చూశారు, మొదట్లో ఎరువు వేశారు, మందు కొట్టించారు. తను కూడా అక్కడే నిలబడి ఆకులకేసే చూశాడు.

ఇప్పుడు అందరూ సంచీకేసి చూస్తున్నారు. పొద్దుట లేవగానే వెంకటకృష్ణ మంచం పక్కన వంగి సంచీ ఎత్తి చూశాడు. "బాగా వస్తోందమ్మా, రంగు కూడా తేటగానే ఉంది" అన్నాడు. సీతారత్నం రెండు చేతులూ జోడించింది. సంచీ నిండుతోంది కాబట్టి మనిషి బాగున్నాడు. పైపు సంచీలోంచి బయల్దేరి, మంచం పట్టీ ఎక్కి, పంచె కిందికి దూరేదాకా అందరూ చూస్తారు. పంచె అంచు దగ్గర అందరి చూపూ ఆగిపోతుంది. అక్కణ్ణించి వెనక్కి తిరిగి సంచీలోకి వెళ్ళిపోతుంది. పంచె కింద దాని మానాన అది ఉబ్బుతోంది. పడ్డ కాయ పడ్డట్టే ఉంది తోటలో, ఒలుపు వాళ్ళు ఇంకా రాలేదు కాబోలు, లేకపోతే ఈపాటికి పీచు చీలిన చప్పుడు వినిపించాలి. పీచు చీలుతుంది కాబట్టి కాయ బయటపడుతుంది. తనకి చీలాల్సింది చీలడం లేదు.

ఎర్రగిత్తకి ఇలాగే అయింది. తను నడివయసులో ఉన్నప్పటి మాట. పశువుల పాకలో పొద్దున్నే చూస్తే గిత్తది బయటికి వచ్చి ఉంది, లోపలికి పోవడం లేదు, ఎర్రగా వాచి వేలాడుతోంది, ఈగలు ముసురుతున్నాయి. అంబాజీపేట నించి పశువుల డాక్టరు వచ్చాడు, ముసలాయన. వచ్చీ రావడంతోనే "పంచదార తెండి" అన్నాడు. సూదీ కాదు, మందూ కాదు. చల్లటి నీళ్ళతో కడిగి, పంచదార గుప్పిళ్ళతో అద్ది, తడిగుడ్డ చుట్టి కూర్చున్నాడు. వాపులోని నీళ్ళన్నీ పంచదార లాగేసింది, పాకమై కారింది. తర్వాత మెల్లిగా నొక్కుతూ లోపలికి తోశారు. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క తను. "రాజుగారూ, చెయ్యి మెత్తగా పెట్టండి, మీరేమీ దుక్కి దున్నట్లేదిక్కడ" అన్నాడు ముసలాయన, చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఊరు ఊరంతా మూగింది ఆ వేళ. అందరూ చూశారు. పాలేళ్ళు చూశారు, పాలకొచ్చిన ఆడవాళ్ళు చూశారు, ఒక్కరూ ముఖం తిప్పుకోలేదు. అందుకే గిత్త బతికింది. మళ్ళీ నాలుగు కాలాల పాటు బండి లాగింది.

పంచదార డబ్బా ఇక్కణ్ణించి కనిపిస్తుంది. వంటింటి అలమరలో రెండో అరలో, ఎర్రమూత. పొద్దుట్నించీ ఆయన దానికేసే చూస్తున్నాడు, కళ్ళు నీళ్ళు కారేదాకా చూస్తున్నాడు. సీతారత్నం ఆ చూపు పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది, అర్థమైనట్టు తల ఊపింది. "తీపి మీదికి పోయిందా మనసు? షుగరు కదండీ మీకు. గణపతి వద్దన్నాడు. ఇదిగో, ఈ గుక్కెడు కొబ్బరినీళ్ళు తాగండి, తాగేరంటే ఒంటేలు ఇంకా బాగా వస్తుంది." చెంచాతో పోసింది. మింగాడు. ఆవిడ చెంగుతో మూతి తుడిచింది. ఆ చెంగు, ఆ చెయ్యి, వాటి వాసన, కాపురానికి వచ్చినప్పట్నించీ అదే వాసన. ఇద్దరు పిల్లల్ని కన్నది, ఒకణ్ణి పోగొట్టుకుంది, ఇన్నేళ్ళలో దీపం ఆర్పకుండా దగ్గరికి వచ్చింది లేదు, తనూ రమ్మనలేదు. తన ఒళ్ళు ఆవిడకి చీకట్లోనే తెలుసు. వెలుగులో తనని మొత్తం చూసినవాళ్ళెవరు? అమ్మ చూసింది, నూతి గట్టు మీద నిలబెట్టి నీళ్ళు పోస్తూ. కాలవలో దూకే రోజుల్లో సావాసగాళ్ళు చూశారు. వాళ్ళెవరూ లేరిప్పుడు. ఇంక చూసేది పోయాక స్నానం చేయించేవాళ్ళే. అప్పుడు చూస్తారు. అప్పుడు నీళ్ళు పోస్తూ ఎవడో ఒకడు, అయ్యో ఇదేంటిలా ఉంది అంటాడు.

నిన్న ఎడం చెయ్యి ఖాళీగా ఉండేది. మిగిలిన చెయ్యి అదొక్కటే. దాంతోనే పంచె పక్కకి లాగాడు, చూపించడానికి. చూడండి, ఇదిగో ఇక్కడ, అని లోపల ఎంత గట్టిగా అన్నాడో, బయటికి ఆయ్ అని వచ్చింది. "అయ్యో రామ, ఇదేం పనండీ! కోడలు గుమ్మంలో ఉందండీ!" సీతారత్నం కళ్ళు మూసుకుని పంచె సర్దింది, నిజంగానే కళ్ళు మూసుకుంది. మళ్ళీ లాగాడు. మళ్ళీ సర్దింది, ఈసారి ఏడ్చింది. వెంకటకృష్ణ గణపతికి ఫోను చేశాడు. అవతలివాడి మాట గది అంతా వినిపించింది. "పైపు పీక్కుంటారండి, అందరూ అంతేనండి, పీక్కుంటే రక్తం పడిపోద్దండి. మెత్తటి గుడ్డతో చెయ్యి మంచం పట్టీకి కట్టేయండి, ఆయ్." పాత తువ్వాలు తెచ్చారు. ముడి వేసింది కొడుకే. చిన్నప్పుడు వాడికి గేదె పలుపు ముడి వెయ్యడం తనే నేర్పించాడు, లాగినకొద్దీ బిగిసే ముడి, అదే వేశాడు. వేసి, "నొప్పెట్టట్లేదు కదండీ నాన్నగారూ" అని అడిగాడు. ఆయ్ అన్నాడు బుచ్చిరాజు. వాడు వసారాలోకి వెళ్ళి తల్లితో గొంతు తగ్గించి, "మతి కూడా పోతోందే అమ్మా" అన్నాడు. గొంతు తగ్గించినా వినిపించింది. చెవులకేమీ కాలేదు.

ఇక మిగిలింది దగ్గు. దగ్గు వస్తుంది. పక్షవాతం దాని జోలికి పోలేదు. ఊపిరితిత్తుల దగ్గు కాదు, గొంతులోంచి వచ్చే పొడిదగ్గు, రెండుసార్లు, పొట్టిగా. ఆ ఇంట్లో మగవాళ్ళు గడప దాటేముందు దగ్గుతారు. తాత దగ్గేవాడు, తండ్రి దగ్గేవాడు, మీసం మొలిచిన ఏటినించీ తను దగ్గుతున్నాడు. అది వినగానే లోపల ఆడవాళ్ళు చెంగు సర్దుకుని లోపలిగదిలోకి తప్పుకుంటారు. వంటింట్లో ఏదో మాట నడుస్తుంటుంది, ఎవరో పగలబడి నవ్వుతుంటారు, తను గడప దగ్గర దగ్గగానే ఆ నవ్వు కత్తితో కోసినట్టు తెగిపోతుంది, గాజుల చప్పుడు దూరంగా పోతుంది. తన ఇంట్లో ఒక నవ్వు చివరిదాకా వినలేదు ఎప్పుడూ. ఎందుకు నవ్వేవారో. ఇన్నాళ్ళకి ఇప్పుడది తెలుసుకోవాలనిపిస్తోంది. కోడలు భవానీదేవి రాజోలు అవతలినించి వచ్చింది, వచ్చి ఎన్నేళ్ళయిందో, ఆమె కొడుకు కాలేజీకి వెళ్తున్నాడు. ఆమె ముఖం సరిగ్గా తెలీదాయనకి. పెళ్ళిలో చూశాడు, అదీ బాసికం కింద. పాదాలు తెలుసు. తలుపు మూల మలుపులో మాయమయ్యే మడమలు తెలుసు. ఎడం కాలి మట్టె వదులు, నడిస్తే గచ్చు మీద టిక్కుమంటుంది. ఇప్పుడు కూడా ఇల్లంతా ఆ టిక్కు చప్పుడు ఎటు తిరుగుతోందో ఆయన మంచం మీదినించి చెప్పగలడు. ఆమె చురుకైనది. మొన్నామధ్య వరదకి గాదె కింద తడి తగిలితే ముందు పసిగట్టింది ఆమే, అత్తగారి చేత చెప్పించింది. ఆమె ఒక్కసారి వస్తే చాలు.

టిక్కు చప్పుడు దగ్గరికి వచ్చింది. గుమ్మం దాకా వచ్చింది, మంచినీళ్ళ చెంబు పెట్టడానికి కాబోలు. పిలవాలి. రా తల్లీ అనాలి. నోరు తెరిచాడు, గొంతు బిగబట్టాడు, దగ్గాడు. రెండుసార్లు, పొట్టిగా. టిక్కు ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత వెనక్కి వెళ్ళిపోయింది. చెంబు గుమ్మం అవతలే పెట్టిన చప్పుడు. వెళ్ళకు, అనుకుని మళ్ళీ దగ్గాడు. ఇంకా తొందరగా వెళ్ళిపోయింది. ఎన్నేళ్ళో దగ్గి దగ్గి నేర్పించింది ఇదే కదా. పిలిచేది ఇదొక్కటే మిగిలింది, ఇదేమో తరిమేది. కాయ పడింది. ఇంకోటి. ఈసారి పడిన చప్పుడు నడుము దాకా వచ్చింది గాని అక్కడ నిప్పు రాజుకోలేదు. బుచ్చిరాజు కాచుకున్నాడు. ఇంకో గెల దిగింది. ఏమీ లేదు. నొప్పి తగ్గుతోంది. పొద్దున ఉన్నంత లేదు, అంచున ఉంది గాని కొసన లేదు, కొస ఎవరిదో పరాయివాళ్ళదిలా ఉంది, కుడిచెయ్యి పోయిన రోజున చెయ్యి ఉన్నట్టుగా. అప్పుడు భయమేసింది ఆయనకి. మొన్నట్నించీ నొప్పే గాని భయం లేదు. మామిడిచెట్టు పైకొమ్మ ఆకులు రాలిపోయాక ఇంక రాలలేదు. రాలడం ఆగిందని అందరూ సంతోషపడ్డారు.

దగ్గాడు. మళ్ళీ మళ్ళీ దగ్గాడు. కట్టిన చెయ్యి గుంజుకుంటూ దగ్గాడు. వసారాలో సీతారత్నం గొంతు వినిపించింది. "కఫం చేరినట్టుందే అమ్మాయ్. మిరియాల కషాయం పెట్టు."

"కఫం దగ్గు కాదండి అత్తయ్యగారూ ఇది. గడప దగ్గు."

"అంటే?"

"లోపలికొచ్చేవాళ్ళు దగ్గుతారండి, మనం తప్పుకోడానికి. మంచం మీదున్న మనిషి ఎక్కడికొస్తున్నారని దగ్గుతారండీ? నేను గుమ్మంలోకెళ్ళినప్పుడల్లా దగ్గుతున్నారు. వెళ్ళిపోతే ఇంకా దగ్గుతున్నారు."

"నువ్వు లోపలికెళ్ళకు. నిన్నట్నించీ ఆయన మనిషిలో లేరు. పంచె లాగేసుకుంటున్నారు, చూసేవు కదా."

"చూళ్ళేదండి. ముఖం తిప్పేసుకున్నాను" అంది భవానీదేవి. "అదే తప్పయిందేమోనండి" అంది.

టిక్కు. టిక్కు. గుమ్మం దగ్గర ఆగింది. బుచ్చిరాజు దగ్గలేదు, ఊపిరి బిగబట్టి ఊరుకున్నాడు. గడప దాటింది. మంచం దగ్గరికి వచ్చింది. పైనించి ఒక ముఖం వంగింది, చామనఛాయ ముఖం, కనుబొమ్మ మీద చిన్న మచ్చ, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిసిపోయి ఉన్నాయి. ఈ అమ్మాయికి నెరిసిందా అప్పుడే, అనుకున్నాడు.

"మావయ్యగారూ, నొప్పి ఉందాండీ?"

"ఆయ్."

"ఛాతీలోనా అండీ?"

"ఆయ్."

"కాదేమో. కడుపులోనా?"

"ఆయ్." ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"ఇలాక్కాదు లెండి" అంది ఆమె. "మీరేం చెప్పకండి. నేను చెయ్యి పెడతాను. చెయ్యి సరైన చోటుకొచ్చినప్పుడు దగ్గండి. కాకపోతే ఊరుకోండి."

చెయ్యి ఆయన గుండెల మీదికి వచ్చింది. ఊరుకున్నాడు. కడుపు మీదికి వచ్చింది. గొంతులో దగ్గు గింజుకుంటోంది, పళ్ళు బిగించి ఊరుకున్నాడు. చెయ్యి పొత్తికడుపు దగ్గర తటపటాయించి, దాటి, మోకాలి మీదికి వెళ్ళిపోయింది. ఊరుకున్నాడు. పైపు పంచె కిందికి దూరిన చోట ఆ చెయ్యి గాలిలో ఆగింది. గాజులు ఒకదానికొకటి తగిలాయి. బుచ్చిరాజు దగ్గాడు. ఆ ఇంట్లో పుట్టి బుద్ధెరిగిన తర్వాత దగ్గిన దగ్గులన్నీ కలిపి ఒక్కసారే దగ్గాడు.

పంచె లేచింది. గాలి తగిలింది. ఆయన కిందికి చూడలేడు కాబట్టి ఆమె ముఖమే చూశాడు. ఆ ముఖంలో ఏముందో అంతా చదివాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు, పంచె మళ్ళీ కప్పలేదు. వేలి కొసతో తాకిందో ఏమో, ఆయనకి తెలియలేదు. తెలియలేదన్నదొక్కటే ఆయనకి తెలిసింది. "ఏవండీ!" అని అరిచింది భవానీదేవి. ఆ ఇంట్లో ఆడమనిషి గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. తోటలో చెట్టు మీద కత్తి చప్పుడు ఆగిపోయింది.

వెంకటకృష్ణ పరిగెత్తుకుంటూ వచ్చాడు, గుమ్మంలో ఆగాడు, చూశాడు, ముఖం గోడకి తిప్పేశాడు. "ఇటు చూడండి" అంది ఆమె. "గోడ మీదేమీ లేదు. ఇటు చూడండి." చూశాడు. చూసి అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాడు. ఫోను చేతిలో పట్టుకుని ఎవరికి చెయ్యాలో తెలీనట్టు ఉండిపోతే ఆమే లాక్కుని అమలాపురంలో పైపు వేసిన డాక్టరుకి కలిపి, స్పీకరు పెట్టి, అతని ముందు పట్టుకుంది. ఎప్పట్నించి ఇలా ఉందని అడిగాడు డాక్టరు.

"తెలీదండి" అన్నాడు వెంకటకృష్ణ. "చూళ్ళేదండి."

"రోజూ శుభ్రం చేస్తున్నారా?"

"సంచీ మారుస్తున్నామండి."

"రంగెలా ఉంది?"

అతను భార్యకేసి చూశాడు. "మెడ చుట్టూ నేరేడుపండులా ఉందండి" అంది భవానీదేవి. "కొస నల్లబడిపోయిందండి. ముట్టుకుంటే చల్లగా ఉందండి."

ఏమీ పూయకండి, లాగకండి, వెంటనే తీసుకొచ్చెయ్యండి అన్నాడు డాక్టరు. "ఎంత మిగుల్తుందో ఇక్కడికొచ్చేక చూద్దాం." గుమ్మం అవతల సీతారత్నం గోడకి జారగిలబడి కూర్చుంది, కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. మిగిలేది మిగులుతుంది. బుచ్చిరాజు మనసులో ఆ మాట అటూ ఇటూ తిరిగి ఒక మూల కూర్చుంది. ఇంక దాన్ని లేపబుద్ధి కాలేదు. కారు తేవడానికి కొడుకు వెళ్ళాడు. మంచం ఎత్తడానికి తోటలోంచి సత్యమూ, అప్పుడే వచ్చిన ఒలుపు వాళ్ళూ వస్తున్నారు, వసారా మీద బురదకాళ్ళ చప్పుడు, పరాయి మగవాళ్ళు, "రాజుగారికేవైందండీ" అంటున్నారు. కోడలు గదిలోనే ఉంది. తల మీద చెంగు లేదు, జుట్టు రేగిపోయి ఉంది. ఆయన అనుకోలేదు, గొంతు దానంతటదే బిగిసింది. దగ్గాడు. రెండుసార్లు, పొట్టిగా.

"రానివ్వండి మావయ్యగారూ" అంది ఆమె తలెత్తకుండా. మంచం పట్టీ మీదికి వంగి ఉంది. నిన్నట్నించీ గుంజుకుంటే తువ్వాలు ముడి రాయిలా అయిపోయింది, గోళ్ళతో రావడం లేదు. ఆమె దాన్ని పళ్ళతో పట్టుకుని విప్పుతోంది.